వెయిటింగ్ రూముకీ చేపల షెడ్డుకీ నడుమ

లూయిస్ ఇమ్లాక్ బస్సు స్టీరింగు ముందు తప్ప ఇంకెక్కడైనా కుదురుగా కూర్చుని ఉండగా పోర్ట్‌గారీలో ఎవరూ చూసిన పాపాన పోలేదు. చర్చిలో పెద్ద ప్రార్థన జరుగుతుంటే లేచి కిటికీ గడియ సరిగా పడిందో లేదో చూసొచ్చేవాడు. భోజనం మధ్యలో లేచి కొలబద్ద వెతుక్కునేవాడు. "మా పెళ్లినాడు కూడా అంతే. పాదిరీగారు 'ఒప్పుకుంటున్నావా' అని అడిగేసరికి ఈయన పక్కకి వంగి, బెంచీ కాలు ఊగుతోంటే కింద కాగితం మడిచి పెడుతున్నాడు," అని అతని భార్య రోనా ఇప్పటికీ వచ్చినవాళ్లందరికీ చెబుతుంది.

పద్దెనిమిదో ఏట చేపల పడవెక్కాడు. రెండేళ్లు కడుపులో తిప్పడంతోనే సరిపోయింది. తరవాత విస్కీ పీపాలు బాగుచేసే కొట్టంలో నాలుగేళ్లు, ఒక వడ్రంగి దగ్గర ఆరేళ్లు. ఎక్కడా కాలు నిలవలేదు. చివరికి ముప్ఫై నాలుగో ఏట బస్సు డ్రైవరయ్యాడు. సీటే ఊరూరూ తిరుగుతుంది కనక మనిషి లేవక్కర్లేకపోయింది. ఆ ఉద్యోగంలో మాత్రం ఇరవై మూడేళ్లు ఉన్నాడు.

బస్సు నడిచే రోడ్డుకి సముద్రం వైపున ఒకప్పుడు రైలుండేది. లూయిస్‌కి పదమూడేళ్లప్పుడు ఆ లైను మూసేసి పట్టాలు పీక్కుపోయారు. ఇప్పుడా కట్ట మీద జనం కుక్కల్ని తిప్పుతుంటారు. రోజుకి ఆరుసార్లు దాని పక్కనే బస్సు నడుపుతూ, ఇక్కడ సిగ్నలుండేది, ఇక్కడ గూడ్సు ఆగేది అని లోపల్లోపల లెక్కపెట్టుకోవడం అతనికి అలవాటైపోయింది. ఆ అలవాటే ముదిరి, చివరికి నమూనా రైళ్ల పిచ్చి అయింది.

మొదట అటక మీద లైను మొత్తం కట్టబోయాడు. పదహారడుగుల పొడవు, ఏడు స్టేషన్లు. తొమ్మిదేళ్లు పట్టింది. ఒక ఆదివారం ఒక మలుపు దగ్గర వంపు తప్పుగా ఉందనిపించింది. సాయంత్రానికల్లా అంతా విప్పి పెట్టెల్లో పెట్టేశాడు. రోనా మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు ఇస్త్రీ బల్ల తెచ్చి హాల్లో నిలబెట్టి, "ఇదిగో, దీని మీద పట్టినంతే కట్టు. దీన్ని దాటితే నేను పుట్టింటికి పోతాను," అంది. ఆమె పుట్టిల్లు వీధి చివరే.

అలా మొదలైంది ఇస్త్రీ బల్ల స్టేషన్ల వ్యవహారం. నాలుగడుగుల పొడుగు, అడుగు వెడల్పు పలక. అసలు స్టేషనులో ఒక అడుగు, నమూనాలో రెండు మిల్లీమీటర్లు. ఇంత చోటులో ఊరి స్టేషను పట్టాలంటే ప్లాట్‌ఫారం కురచ చెయ్యాలి, గూడ్సు యార్డులో నాలుగు లైన్లుంటే రెండే వెయ్యాలి, వంతెనను దగ్గరికి జరపాలి. చూసినవాడికి ఏదీ తగ్గినట్టు తెలియకూడదు. చిన్న నమూనా కట్టేవాడి పనితనమంతా ఏది వదిలెయ్యాలో తెలియడంలోనే ఉంటుంది. లూయిస్‌కి ఆ కన్నుంది. ఆ జిల్లాలో మూతపడిన స్టేషన్లు ఎనిమిది అలా కట్టాడు. ఒక్కొక్కటీ ఒకసారి ప్రదర్శనకి పెట్టేవాడు. ఇంటికి తెచ్చాక దానిలో ఏదో తప్పు కనబడేది. ఇక కాలు కాలిన పిల్లిలా దాని చుట్టూ తిరిగి తిరిగి, ఒకరోజు విప్పేసేవాడు. పట్టాలు పక్క స్టేషనుకి పనికొచ్చేవి.

"నీ స్టేషన్ల కంటే నేను చేసిన కేకులే ఎక్కువ రోజులుంటాయి," అనేది రోనా.

సొంత ఊరి స్టేషను మాత్రం అట్టేపెట్టుకున్నాడు. దాని మీద చెయ్యి వెయ్యడానికి జంకు. ఎందుకంటే వాళ్ల తాత హెక్టర్ ఇమ్లాక్ ఆ స్టేషనులో ముప్ఫై ఒక్కేళ్లు పోర్టరుగా చేశాడు. ఇత్తడి గుండీల కోటు తొడుక్కుని, చీపురు నిలబెట్టి పట్టుకుని ప్లాట్‌ఫారం మీద దిగిన ఫొటో వాళ్లమ్మ చనిపోయేదాకా పొయ్యిగూటి మీద ఉండేది. ఆ ఫొటో చూసే లూయిస్ రైళ్లంటే మనసు పారేసుకున్నాడు. యాభై ఆరో ఏట మొదలుపెట్టి, ఏడాదిన్నర పనిచేసి పోర్ట్‌గారీ స్టేషను పూర్తిచేశాడు. స్టేషను ఇల్లు, సిగ్నల్ కేబిను, ఇంజను తిప్పే గుండ్రటి వేదిక, రాతి వంతెన. ప్లాట్‌ఫారం నడిమధ్యన గింజంత మనిషి, చేతిలో వెంట్రుకంత చీపురు. ఆ గుండీలకి సూదిమొనతో బంగారు రంగు పెట్టాడు.

సెప్టెంబరులో చర్చి హాల్లో చిన్న ప్రదర్శన జరిగింది. ఊరంతా వచ్చింది. "అయ్యో, అచ్చు మన స్టేషనే!" అని ముసలివాళ్లు ముక్కుమీద వేలేసుకున్నారు. నమూనా రైళ్ల క్లబ్బు కార్యదర్శి ఫార్కర్ మన్రో వచ్చి చుట్టూ తిరిగి చూసి, "అక్టోబరులో ఎల్గిన్ పట్నంలో జరిగే ప్రదర్శనకి దీన్నే పెడుతున్నాం. తలుపెదురుగా చోటు నీదే. ఈసారైనా అప్పటిదాకా విప్పకు నాయనా, నీకు దణ్ణం పెడతాను," అన్నాడు.

అప్పుడొచ్చింది మీనా స్లేటర్. అసలు పేరు విలియమీనా. ఎనభై రెండేళ్లు, నిటారైన వీపు, చేతిలో కర్ర. మంగళవారం, గురువారం బకీ ఊరికి బస్సులో వెళుతుంది, డ్రైవరు వెనక మొదటి సీటు ఆవిడదే. అక్కడ ఎవరైనా కూర్చుంటే ఏమీ అనదు, వాళ్లు లేచేదాకా వాళ్ల పక్కన నిలబడి చూస్తుంది.

ఇప్పుడూ అలాగే ఏమీ అనకుండా ఈ చివర నించి ఆ చివర దాకా చూసింది. కళ్లజోడు సర్దుకుని మళ్లీ చూసింది.

"మా షెడ్డేదీ?"

"ఏ షెడ్డండీ, మిసెస్ స్లేటర్?"

"ఏ షెడ్డా! తూరుపు చివర చేపల లైను పక్కన, తారు పూసిన చెక్కల షెడ్డు."

"ఓ, అదా. ఇది నాలుగడుగులే కదండీ. ఎక్కడో ఒకచోట కొయ్యాలి. దానికి చోటు చాల్లేదు."

"అప్పుడూ చాల్లేదులే మాకు," అంది ఆవిడ. కర్ర చివరతో ప్లాట్‌ఫారం వైపు చూపించింది. "అదెవరు, చీపురు పట్టుకుని?"

"మా తాతయ్యండీ. హెక్టర్."

"పోలిక బాగా కుదిరింది. మమ్మల్నీ దాంతోనే ఊడ్చాడు." టీ కప్పు తీసుకుని వెళ్లిపోయింది.

పక్కనున్నవాళ్లు నవ్వేశారు. ఫార్కర్ భుజం తట్టి, "ముసలావిడ మాటలు పట్టించుకోకు," అన్నాడు. లూయిస్ కూడా నవ్వాడు. ఇంటికొచ్చి భోజనానికి కూర్చున్నాడు. ఉడికించిన బంగాళాదుంపని ఫోర్కుతో నాలుగు ముక్కలు చేశాడు, ఎనిమిది చేశాడు, లేచి కోటు తొడుక్కున్నాడు.

"ఎక్కడికి?"

"ఇప్పుడే వస్తా."

పాత స్టేషను దగ్గరికి వెళ్లాడు. స్టేషను ఇంట్లో ఇప్పుడు ఎవరో కాపురముంటున్నారు. తూరుపు చివర దురదగొండి మొక్కల్లో కాలితో తడిమితే సిమెంటు గచ్చు తగిలింది. పాత వెయిటింగ్ రూము గోడ దగ్గర నించి ఆ గచ్చు దాకా అంగలేసి కొలిచాడు. అరవై గజాలు. మళ్లీ వెనక్కి కొలిచాడు. మళ్లీ అరవయ్యే. ఇంట్లో ఉన్న పాత పటం విప్పి చూస్తే అక్కడ చిన్న నల్ల గీతల చతురస్రం ఉంది, పేరు లేదు. ఏడాదిన్నర ఆ పటం ముందు పెట్టుకునే పని చేశాడు. ఆ చతురస్రం కళ్లబడలేదని చెప్పుకోడానికి లేదు. పెన్సిలుతో దాన్ని కొట్టేసిన గుర్తు అతని చేతిదే.

రెండు రోజులు కూర్చుని అగ్గిపుల్లంత చెక్కలతో ఒక షెడ్డు చేశాడు. నల్లరంగు వేశాడు. బిస్కట్ల డబ్బాలో దూది పరిచి, అందులో పెట్టుకుని మంగళవారం బస్సుకి తీసుకెళ్లాడు. మీనా ఎక్కి కూర్చోగానే డబ్బా వెనక్కి అందించాడు.

ఆవిడ మూత తీసి చూసింది. "ఇదేం అబ్బాయ్, కుక్కల గూడా?"

"షెడ్డండీ. మీ షెడ్డు."

"మా షెడ్డుకి నాలుగు గోడలుంటే ఇంకేం. మూడే. సముద్రం వైపు తెరిచి ఉండేది. చేపల బుట్టలు ఎత్తుకోడానికి వీలుగా కట్టారు, మనుషుల కోసమా?"

"మరి మీరు అందులో..."

"ముందు చూసి నడుపు. అక్కడ ట్రాక్టరొస్తోంది."

లూయిస్ ముందుకి చూసి నడిపాడు. వెనక నించి గొంతు వినబడుతూనే ఉంది. ఆ రోజు బస్సులో వాళ్లిద్దరూ కాక దాదాపు ఎవరూ లేరు.

హెర్రింగ్ చేపలు కోసే ఆడపిల్లల సంగతి లూయిస్‌కి తెలియనిది కాదు. ఊళ్లో ప్రతి ఇంట్లోనూ ఒకరో ఇద్దరో ఆ పనిచేసినవాళ్లే. పడవల గుంపు దక్షిణానికి దిగితే వాళ్లూ రైలెక్కి వెంట వెళ్లేవాళ్లు. సెప్టెంబరులో బయలుదేరి యార్మత్ రేవుకి, మళ్లీ నవంబరు చివర ఇంటికి. ముగ్గురొక జట్టు. ఇద్దరు కోసేవాళ్లు, ఒకరు పీపాలో పేర్చేవాళ్లు. వేళ్లకి గుడ్డపీలికలు చుట్టుకుని, ఉప్పులో, చలిలో, నిమిషానికి యాభై అరవై చేపలు. తెలియని సంగతల్లా, వాళ్లు రైలు కోసం ఎక్కడ కూర్చునేవాళ్లన్నది.

"వెయిటింగ్ రూములోకి రానిచ్చేవాళ్లు కాదు అబ్బాయ్. కంపు. నిజమే, ఆ వాసన జుట్టులోంచి పోవాలంటే క్రిస్మస్ దాటేది. అందుకని మమ్మల్ని షెడ్డులోకి పొమ్మనేవాళ్లు. చెక్కపెట్టెల మీద వరసగా కూర్చుని మేజోళ్లు అల్లుకుంటూ పాటలు పాడుకునేవాళ్లం. పిల్లవాళ్లం, ఎండగా ఉంటే అదే బావుండేది కూడా. దానికేం లేదు. నేను చెప్పేది బెల్లా సంగతి."

"ఏ బెల్లా?"

"మీ తాత చెల్లెలు బెల్లా. ఇంకే బెల్లా?"

స్టాపు వచ్చింది. ఒక తల్లి పిల్లాడి బండితో ఎక్కింది. లూయిస్ టిక్కెట్టిచ్చాడు, చిల్లర తప్పిచ్చాడు, ఆమె వెనక్కిచ్చింది. బస్సు కదిలింది.

"నాకు పద్దెనిమిది. మొదటి ఏడే యార్మత్ వెళ్లడం. బెల్లా జట్టులో వేశారు నన్ను. పొడుగ్గా ఉన్నానని పేర్చే పని. బెల్లా కత్తి పట్టిందంటే చూడాలి! ఆ ఏడు సీజను చివర్లో ఎడమచేతి వేలికి చిన్న గాటు పడింది. ఉప్పు దిగింది. ఎవరికి గాట్లు పడవు? చీము లాగడానికి పిండి కట్టు కట్టుకుని పనిచేసింది. ఇంటికొచ్చిన రెండో రోజుకి చెయ్యి మోచేతిదాకా ఎర్రగా పొంగింది. డాక్టరు చూసి, 'ఈ రైలుకే ఆస్పత్రికి తీసుకుపొండి' అన్నాడు. మంచు పడి రోడ్లు మూసుకుపోయాయి. వాళ్లమ్మ నడవలేదు. తోడు నేను వెళ్లాను."

లూయిస్ మలుపు దగ్గర గేరు మార్చాడు.

"స్టేషనుకి వెళితే రైలు ఆలస్యం. వెయిటింగ్ రూములో నిప్పు రగులుతోంది, ఇద్దరో ముగ్గురో పెద్దమనుషులున్నారు. బెల్లా లోపలికి వెళ్లి కూర్చుంది. ఒంటి మీద అదే పని గౌను, చేతికి చీము పట్టిన కట్టు. ఒకావిడ ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని స్టేషను మాస్టరు గది తలుపు కొట్టింది. కాసేపటికి మీ తాత వచ్చాడు. బెల్లా మొహం చూడకుండా, నా మొహం చూస్తూ అన్నాడు, 'కోసేవాళ్లు షెడ్డులో కూర్చోవాలమ్మా. నిబంధన.' బెల్లా లేచింది. రెండున్నర గంటలు కూర్చున్నాం ఆ షెడ్డులో. మంచు లోపలికి కొడుతూనే ఉంది."

"ఆయన మళ్లీ రాలేదా?" అడిగాడు లూయిస్.

"వచ్చాడు. ఒక్కసారి. రైలింకా గంట లేటని చెప్పి వెళ్లాడు."

వైపరు అటూ ఇటూ తిరుగుతోంది. చినుకులు లేవు. ఆపడం మరిచిపోయాడు.

"బెల్లా అల్లుతున్న మేజోడు సంచిలో ఉంది. చెయ్యి రాదు కదా, 'మీనా, ఈ వరస పూర్తిచెయ్యవే' అంది. ఏదో ఒకటి చేస్తుంటే పొద్దు గడుస్తుందన్నట్టు. అల్లాను. నీలం ఊలు. మగవాళ్ల కొలత. 'ఎవరికే?' అంటే 'హెక్టర్‌కి' అంది. ఆ ఒక్కటీ పూర్తయింది. దాని జత మాత్రం ఎవరూ అల్లలేదు. ఆస్పత్రిలో రెండు వేళ్లు తీసేశారు. ఇంక కత్తీ లేదు, సూదులూ లేవు. ఇదిగో, నన్నిక్కడ దించు."

దిగేటప్పుడు మెట్టు మీద ఆగింది. "మీ తాత చెడ్డవాడు కాదు అబ్బాయ్. ఆరుగురు పిల్లలు. ఉద్యోగం పోతుందని భయం. ఆ భయం నాకు ఇప్పుడు అర్థమవుతుంది. అప్పుడు కాలేదు. బెల్లాకి ఎప్పటికీ కాలేదు."

ఆ రోజు లూయిస్ రెండు స్టాపులు ఆపకుండా వెళ్లిపోయాడు. జనం తిట్టుకున్నారు.

బెల్లా అతనికి బాగా గుర్తుంది. టీ కప్పు ఎడమచేత్తో మూడు వేళ్లతో పట్టుకునేది. మిగతావి గేటులో నలిగిపోయాయని ఇంట్లో చెప్పారు. ఆవిడ ఇల్లూ తాత ఇల్లూ ఒకే వీధిలో, మధ్య మూడు గుమ్మాలు. అయినా అన్నాచెల్లెళ్లు మాట్లాడుకునేవాళ్లు కాదు. కొత్త సంవత్సరం నాడు ఊళ్లో అందరూ అందరి గడపా తొక్కేవాళ్లు, తాత ఒక్క చెల్లెలి గడప దగ్గర తల దించుకుని దాటిపోయేవాడు. ఇంటి పంపకాల తగువనుకున్నాడు లూయిస్. అందరూ అదే అనుకున్నారు, లేదా అలా అనుకోమన్నారు. తాత పోయినప్పుడు బెల్లా శవపేటిక వెంట నడవలేదు. తన కిటికీ తెర మాత్రం దించింది.

ఆ వారమంతా లూయిస్ ఇంట్లో ఒక గదిలోంచి ఇంకో గదిలోకి తిరిగాడు. కేకు తింటూ తిరిగాడు. పళ్లు తోముకుంటూ తిరిగాడు. నమూనా మీద గుడ్డ తీసి చూసి మళ్లీ కప్పేవాడు. షెడ్డుని ఈ చివర అతికించి చూశాడు, వంతెన కింద పెట్టి చూశాడు. ఎక్కడ పెట్టినా ఎవరో పారేసిన పెట్టెలాగే ఉంది. పట్టకారుతో తాతని ప్లాట్‌ఫారం మీంచి పీకాడు. తలుపు దగ్గర పెట్టాడు. సిగ్నల్ కేబిను మెట్ల మీద పెట్టాడు. చొక్కా జేబులో వేసుకున్నాడు. గంట తరవాత తీసి మళ్లీ ప్లాట్‌ఫారం మీద పెట్టాడు.

శనివారం వంటింట్లోకి వచ్చి, "ఎల్గిన్ ఇంకెన్నాళ్లు?" అని అడిగాడు.

రోనా పిండి కలుపుతోంది. తల ఎత్తకుండా, "నీ గొంతులోనే తెలుస్తోంది. రంపం ఎక్కడుందో నేను చెప్పను," అంది.

"రెండు వారాలు కదా?"

"లూయిస్, చచ్చి మట్టిలో కలిసినవాళ్ల తగువు. నువ్వెందుకు నెత్తికెత్తుకుంటావు? ఆ రోజు నువ్వు పుట్టనేలేదు."

"షెడ్డు కొట్టేసింది నేనే కదా. పటం మీద కనబడుతూనే ఉంది. అక్కడ అందంగా ఏముంటుందిలే అనుకున్నాను."

రోనా చేతులు కడుక్కుంది. "కత్తుల సొరుగులో, అడుగున," అంది.

సన్నరంపంతో అతను మొదట కోసింది ఇంజను తిప్పే వేదికని. నాలుగు నెలల పని అది. తరవాత వంతెన. తరవాత సిగ్నల్ కేబిను ఊడదీశాడు. స్టేషను ఇంటిని నిలువునా కోసి, వెయిటింగ్ రూము ఒక్కటి ఎడమ అంచుకి మిగిల్చాడు. దాని కిటికీ వెనక మినపగింజంత బల్బు పెట్టాడు, నిప్పు వెలుతురులా. కుడివైపు షెడ్డు కొత్తగా కట్టాడు. మూడు గోడలు, చూసేవాళ్లు నిలబడే సముద్రం వైపు తెరిచి. మధ్యలో ఖాళీ ప్లాట్‌ఫారం, దాని అవతల కంకర, మంచు. పాత నమూనాలన్నిటిలోనూ దూరాలు కురచ చేశాడు. ఈ ఒక్క అరవై గజాలూ కురచ చెయ్యలేదు. అడుగుకి రెండు మిల్లీమీటర్ల లెక్కన పద్నాలుగంగుళాలకి పైగా వచ్చింది. పలకలో మూడోవంతుకి దగ్గర దగ్గర అదే. ఏమీ లేని చోటు అంత పెట్టడానికి చెయ్యి రాక, మధ్యలో ఒక బెంచీ పెట్టాడు, తీసేశాడు. తోపుడు బండి పెట్టాడు, అదీ తీసేశాడు.

ఆ రోజు ఉన్నది ఇద్దరే అయినా, ఏటేటా అక్కడ కూర్చున్నవాళ్లందరి కోసం షెడ్డులో పదకొండు మంది ఆడవాళ్లని చేశాడు. ఒక్కొక్కరూ బియ్యపుగింజ కంటే కొంచెం పెద్ద. చెక్కపెట్టెల మీద వరసగా కూర్చోబెట్టాడు.

ఎల్గిన్ హాల్లో ఫార్కర్ మన్రో గుడ్డ తీసి చూసి నిలువునా నీరైపోయాడు.

"స్టేషనేదయ్యా?"

"అదే స్టేషను."

"మొన్న చూసింది? కేబినూ, వంతెనా? పట్టికలో 'పోర్ట్‌గారీ స్టేషను' అని అచ్చేశాం! ఇది... ఇది ఒక కొట్టం, ఒక కిటికీ. మధ్యలో బోడి నేల. నీకు తలుపెదురుగా చోటిచ్చానే!"

"పక్కకి జరపమంటే జరుపుతాను."

"ఇప్పుడేం జరుపుతావు, జనం వచ్చేస్తుంటే!"

జనం వచ్చారు, చూశారు, చాలామంది దాటిపోయారు. ఒకాయన వంగి, "ఇంకా పని పూర్తికాలేదా?" అని మర్యాదగా అడిగాడు. ఇంకొకాయన రైలు పెట్టె రంగు తప్పని చెప్పాడు. గంటకి రెండుసార్లు చిన్న రైలు వచ్చి, కిటికీ ముందాగి, షెడ్డు ముందు నించి ఆగకుండా పోయేది. లూయిస్ నిలబడలేక హాలు చుట్టూ తిరుగుతున్నాడు. నాలుగు చుట్లయ్యాక తిరిగొచ్చేసరికి రోనా కారులో మీనాని తీసుకొచ్చి బల్ల ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టింది. ఆవిడని రమ్మనాలని అతనికి తట్టనే లేదు.

ఆవిడ చాలాసేపు చూసింది. లూయిస్ ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి మారుతున్నాడు.

"ఎంత దూరం ఇది?" అంది చివరికి.

"అరవై గజాలండీ. ఏమీ తగ్గించలేదు."

"ఆ రోజు ఇంకా ఎక్కువనిపించింది," అంది. తరవాత షెడ్డు వైపు వేలు చూపించింది. "వీళ్లలో బెల్లా ఎవరు?"

"ఈ చివర అమ్మాయండీ. పక్కన మీరు."

"కిటికీ వైపు చూస్తోందేం?"

"వెలుతురు కనబడుతుంది కదాని..."

"చూడలేదు. రెండున్నర గంటల్లో ఒక్కసారి అటు చూడలేదు. సముద్రం వైపు తిప్పు."

పట్టకారు జేబులోనే ఉంది. లూయిస్ వంగాడు. జిగురు గట్టిపడింది, మొదటిసారి రాలేదు. రెండోసారి బొమ్మ టక్కుమని ఊడి వచ్చింది. సముద్రం వైపు తిప్పి పెట్టాడు.

"ఆఁ, అలా," అంది మీనా. "మీ తాత ఏడీ?"

లూయిస్ జేబులోంచి చిన్న కాగితం పొట్లం తీసి విప్పాడు. "ఎక్కడ పెట్టాలో తెలియలేదండీ. తలుపు దగ్గర పెడితే తరిమినట్టుంది. దారిలో పెడితే వస్తున్నట్టుంది."

"వచ్చాడని చెప్పాగా. ఒకసారి వచ్చాడు, వెళ్లాడు. వస్తున్నాడో వెళుతున్నాడో అది నాకూ తెలియదు. దారిలో పెట్టు. ఎటు తిప్పుతావో నీ ఇష్టం."

ఆ రోజు మూడుసార్లు ఎటో తిప్పాడు. చివరికి ఎటున్నాడో తనకే గుర్తులేదు. మీనా మాత్రం సాయంత్రం దాకా ఆ కుర్చీలోంచి కదల్లేదు. పని పూర్తికాలేదా అని అడిగిన ప్రతివాణ్నీ పట్టుకుని కూర్చోబెట్టి చెప్పింది. నాలుగింటికి ఆ బల్ల ముందు హాలంతటిలోకీ పెద్ద గుంపు ఉంది. వాళ్లలో రైళ్ల గురించి అడిగినవాడు ఒక్కడూ లేడు. ఫార్కర్ దూరం నించి చూసి, టీ ఒకటి తెచ్చి మీనా చేతికిచ్చి వెళ్లాడు.

నవంబరులో మీనా కబురంపింది. తను ఉంటున్న వృద్ధుల నివాసంలో చేపలు కోసినవాళ్లు ఇంకా ఇద్దరున్నారు, నెల్లీ, జీన్. ఎల్గిన్ దాకా వెళ్లలేరు. నమూనా ఇక్కడికే తీసుకురా అని. రెండు బస్సులకి మధ్య నలభై నిమిషాల విరామంలో లూయిస్ దాన్ని హాల్లో బల్ల మీద పెట్టాడు.

"ఎవరే ఇతను?" అంది చక్రాల కుర్చీలోంచి నెల్లీ.

"హెక్టర్ ఇమ్లాక్ మనవడు. బస్సు నడుపుతాడు."

"ఓ, బెల్లా మనవడా!" అంది నెల్లీ. సగమే వినబడినట్టుంది ఆవిడకి. లూయిస్ సరిదిద్దబోయి ఊరుకున్నాడు. నిజానికి అందులో తప్పేముంది.

మొదట ముగ్గురూ కళ్లు తుడుచుకున్నారు. అయిదు నిమిషాలు గడిచాయో లేదో తగువు మొదలైంది.

"తారు ఇంత నల్లగా ఉండేది కాదు. ఎండకి వెలిసిపోయి చేప వీపులా ఉండేది," అంది జీన్.

"నీకు కళ్లెప్పుడు కనబడ్డాయి కనక! నల్లగానే ఉండేది," అంది మీనా.

"వెనక గోడకి కిటికీ ఉండేది," అంది నెల్లీ.

"కిటికీయా? చెక్క ఊడిపోయిన కంత అది!" అంది మీనా.

"కంతలోంచే కదా నువ్వు ఆ రైలు గార్డుకి కన్ను కొట్టింది."

"నేను కాదు, నీ అక్క!"

"ఈ పిల్లల చేతుల గుడ్డలేవి? వేళ్లకి కట్లు లేకుండా ఎక్కడ కూర్చున్నాం మనం?"

"పైగా ఎంత శుభ్రంగా ఉన్నారో చూడు. చర్చికి వెళుతున్నట్టు."

లూయిస్ బస్సు టిక్కెట్ల చుట్ట వెనక రాసుకుంటున్నాడు. వెలిసిన తారు. కంత, ఎడమవైపు, భుజం ఎత్తున. వేళ్లకి కట్లు. గౌన్ల మీద పొలుసులు. జీన్ ఆ పొలుసులు ఎండలో ఎలా మెరిసేవో చెబుతుంటే రాయడం ఆపి, షెడ్డు కప్పు అంచుని గోటితో కదిపి చూస్తున్నాడు, ఎంత తేలికగా ఊడొస్తుందోనని.

"ఒరేయ్ అబ్బాయ్, అప్పుడే పీకకు! మేం ఇంకా చూడాలి," అని మీనా కర్రతో బల్ల మీద కొట్టింది.

"రెండూ పదికి బస్సు తియ్యాలండీ."

"వెళ్లి తియ్యి. ఇది ఇక్కడే ఉంటుంది. అయిదింటికి రా, అప్పటికి మేం ఏదో ఒకటి తేల్చి చెబుతాం."

బయట సన్నగా వాన పడుతోంది. లూయిస్ బస్సెక్కి, సీటు సర్దుకుని, అద్దం సర్దుకుని, మళ్లీ సీటు సర్దుకున్నాడు. హాలు కిటికీలోంచి మూడు తెల్లటి తలలు బల్ల మీదకి వంగి ఉండటం కనబడుతోంది. ఒక తల అడ్డంగా ఊగుతోంది. కంత ఎడమవైపా కుడివైపా అన్నది ఇంకా తెగలేదన్నమాట. సముద్రం వైపు నించి చూస్తే ఎడమా, స్టేషను వైపు నించి చూస్తే ఎడమా? ఆ సంగతి అడగనే లేదు. తలుపు తెరుచుకుని దిగబోయాడు.

"ఏమయ్యా, కదులుతావా లేదా?" అన్నారు వెనకెవరో.

మళ్లీ కూర్చుని బస్సు తీశాడు.